తిరిగొచ్చిన కవర్లు, బార్‌కోడ్ స్కానరు: పర్లాకిమిడి నుంచి వచ్చిన ప్రశ్నకి నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మీ పరపతి సంఘం ఏడాదికి రెండుసార్లు సభ్యులకి నోటీసులు పంపుతుంది, విడతకి నాలుగు వేల దాకా. అందులో ఐదారు వందల కవర్లు తిరిగొచ్చేస్తున్నాయి. ఇద్దరు కూర్చుని ఒక్కో కవరు మీద పేరు చదివి, ఆ పేరు సభ్యుల జాబితాలో వెతికి, ఎక్సెల్‌లో కొట్టేసరికి పది రోజులు పడుతోంది. బార్‌కోడ్ స్కానర్ కొంటే ఈ గోల తీరుతుందా, కొంటే ఎలాంటిది కొనాలి?

నేను రాయగడలో ఉంటాను. చాలా ఏళ్ళు ఒక ఆఫీసులో టపా సెక్షన్ చూశాను. ఇప్పుడు సొంతంగా నోటీసులు ప్రింట్ చేసి, కవర్లలో పెట్టి, పోస్టులో వేసే పని చేస్తున్నాను. తిరిగొచ్చినవి లెక్క కట్టివ్వడం కూడా ఆ పనిలోనే కలిసి ఉంటుంది.

స్కానర్ కొంటే సగం గోల తీరుతుంది. మిగతా సగం మీరు కవరు ఎలా ప్రింట్ చేయించారన్న దాని మీద ఉంటుంది. స్కానర్ చేసే పని చాలా చిన్నది: గీతల్లో ఉన్న నంబరు చదివి, కీబోర్డు మీద మీరే కొట్టినట్టుగా కంప్యూటర్‌కి పంపిస్తుంది. ఆ నంబరుతో మీ సభ్యుడు ఎవరో తేలకపోతే, పది రోజుల పని తొమ్మిది రోజులవుతుంది, అంతే.

ముందు ఇప్పుడు మీ బల్ల మీద ఉన్న గుట్ట సంగతి. అవి స్పీడ్ పోస్టులో పంపినవైతే ఒక్కో కవరు మీద పోస్టాఫీసు వాళ్ళ బార్‌కోడ్ స్టిక్కర్ ఉంటుంది: ముందు రెండు అక్షరాలు, మధ్యలో 9 అంకెలు, చివర ఇండియాకి గుర్తుగా ఐఎన్, మొత్తం 13. స్పీడ్ పోస్టుకి మొదటి అక్షరం ఇంగ్లిష్ ఈ (E), రిజిస్టర్డ్‌కి ఆర్ (R). 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, ఆర్ స్టిక్కర్లు ఉన్నాయంటే అవి పాత విడతల కవర్లు. వాటిని వేరే కట్ట కట్టండి.

ఇక్కడ అసలు ప్రశ్న, బుకింగ్ చేసిన రోజు ఏ స్టిక్కర్ ఏ సభ్యుడి కవరు మీద పడిందో చెప్పే ఫైలు మీ దగ్గర ఉందా? ఎక్కువ కవర్లు ఒకేసారి బుక్ చేసినప్పుడు ఆ జాబితా సాఫ్ట్ కాపీగా ఉంటుంది. అది ఉంటే మీ అదృష్టం. 13 అక్షరాల నంబరు స్కాన్ చేయండి, వీలుకప్ (నంబరుని బట్టి జాబితాలోంచి మిగతా వివరాలు తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) పెట్టండి, సభ్యత్వ నంబరు, పేరు, ఊరు అన్నీ వచ్చేస్తాయి. కొత్తగా ప్రింటింగ్ ఏమీ అక్కర్లేదు. కాగితం రసీదులే ఉంటే మాత్రం ఈ విడతకి చేత్తో కొట్టడం తప్పదు. వచ్చే విడతకి ఆ ఫైలు అడిగి తీసుకుని రెండు చోట్ల దాచుకోండి.

మామూలు స్టాంపుతో పంపినవైతే కవరు మీద ఏ బార్‌కోడూ ఉండదు. అప్పుడు మన బార్‌కోడ్ మనమే వేసుకోవాలి. స్పీడ్ పోస్టులో పంపినా వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. స్టిక్కర్ ఊడిపోవచ్చు, మన కవరు మీది అచ్చు ఊడదు.

పేరు చూసి వెతకడం మన వైపు ఎందుకు కుదరదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క కాశీనగరం బ్రాంచిలోనే సాహులు, పాత్రోలు ఎంతమంది ఉంటారో చూడండి. దానికి తోడు ఒకే మనిషి పేరు తెలుగు గుమాస్తా రాస్తే ఒకలా, ఒడియా గుమాస్తా రాస్తే మరోలా ఉంటుంది. మా దగ్గర ఒక వెంకటరమణ గారు మూడు స్పెల్లింగుల్లో ముగ్గురు మనుషులయ్యారు. ఒకే ఇంటికి మూడు నోటీసులు వెళ్ళాయి, మూడూ తిరిగొచ్చాయి. నంబరుకి ఈ గొడవ లేదు.

కాబట్టి కవరు మీద, కిటికీ కవరైతే లోపలి నోటీసు మీద, క్యూఆర్ కోడ్ వేయించండి. అందులో రెండే ఉండాలి: సభ్యత్వ నంబరు, ఏ విడత అన్నది. పేరు, ఫోన్ నంబరు, ఆధార్ లాంటివి పొరపాటున కూడా పెట్టొద్దు. కవరు పది చేతులు మారుతుంది, ఫోన్ ఉన్న ప్రతివాడూ క్యూఆర్ చదవగలడు. సభ్యత్వ నంబరు ముందు ఒక అక్షరం తగిలించండి. ఉత్త అంకెలైతే ఎక్సెల్ ముందున్న సున్నాలు తినేస్తుంది. 15 అంకెలు దాటితే ఆపైవన్నీ సున్నాలు చేసేస్తుంది. కాలమ్‌ని ముందుగా టెక్స్ట్‌గా మార్చినా, డూప్లికేట్లు పట్టడానికి పెట్టే కౌంట్‌ఇఫ్ ఫార్ములా మాత్రం ఆ పొడుగాటి అంకెల్ని మళ్ళీ సంఖ్యగానే చూసి, వేర్వేరు నంబర్లని ఒకటే అని చూపిస్తుంది. దీని మీద నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. ముందు ఒక అక్షరం ఉంటే ఈ రెండు బాధలూ ఉండవు.

గీతల బార్‌కోడ్ కాకుండా క్యూఆర్ ఎందుకంటే, అది కొంచెం పాడైనా చదవబడుతుంది. తయారు చేసేటప్పుడే ఎంత పాడైనా తట్టుకోవాలో ఎంచుకోవచ్చు: ఎల్ అంటే సుమారు 7 శాతం, ఎం 15, క్యూ 25, హెచ్ 30. తిరిగొచ్చే కవరు మీద ముద్రలు, పెన్ను గీతలు, వానాకాలమైతే తడి మరకలు అన్నీ ఉంటాయి. క్యూ పెట్టుకోండి, చుట్టూ తెల్లటి ఖాళీ వదలండి. కోడ్‌లో ఉండే చిన్న చదరపు గడులు నాలుగు పట్టేంత వెడల్పు ఖాళీ ఉండాలన్నది నియమం, నేను ఇంకొంచెం ఎక్కువే వదులుతాను. గీతల బార్‌కోడే కావాలంటే కోడ్ 128 వాడండి, దానిలో తప్పు పట్టే లెక్క లోపలే ఉంటుంది. ఇంటర్లీవ్డ్ 2 ఆఫ్ 5 అని ఒకటి ఉంది, దాని జోలికి వెళ్ళొద్దు. స్కానర్ వంకరగా పట్టుకుంటే సగం నంబరే చదివి, అదే మొత్తం అన్నట్టు ఇచ్చేస్తుంది.

కోడ్ ఎక్కడ వేయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నేను దెబ్బ తిన్నది అక్కడే. మొదటిసారి కవరు కుడివైపు పైన, స్టాంపుకి కాస్త కిందుగా అందంగా వేయించాను. ఖాళీగా ఉంది కదా అని కౌంటరులో స్పీడ్ పోస్టు స్టిక్కర్లు సరిగ్గా దాని మీదే అంటించారు. వాళ్ళని అనడానికి లేదు, ఎక్కడ అంటించాలో నేను చెప్పలేదు. మూడు వందల పైచిలుకు కవర్లు తిరిగొచ్చాక మా అమ్మాయీ నేనూ కెటిల్‌లో నీళ్ళు మరిగించి ఆవిరి పట్టి స్టిక్కర్లు లేపాం. అప్పటినుంచి కవరు మీద సన్నటి గీతతో పెట్టె గీయించి "స్పీడ్ పోస్టు స్టిక్కర్ ఇక్కడ" అని ఒడియాలో, ఇంగ్లిష్‌లో వేయిస్తున్నాను. మన కోడ్ ఎడమవైపు కింద. అడ్రసు పక్కన కూడా వద్దు, తిరిగి పంపేటప్పుడు అడ్రసు మీద అడ్డంగా గీత కొడతారు, ఆ గీత కోడ్ దాకా వస్తుంది.

లోపలి అడ్రసు కనిపించేలా ప్లాస్టిక్ కిటికీ ఉండే కవర్లు వాడుతుంటే, నోటీసు లోపల పెట్టి కవరుని నాలుగు వైపులా బల్ల మీద తట్టి చూడండి. కాగితం ఎటు జారినా కోడ్ మొత్తం కిటికీలో కనిపించాలి.

ఇప్పుడు కారణం సంగతి. మీ ప్రశ్నలో దీని ఊసే లేదు, నన్నడిగితే సగం విలువ ఇక్కడే ఉంది. ఎవరి కవరు తిరిగొచ్చిందో బార్‌కోడ్ చెప్తుంది. ఎందుకు తిరిగొచ్చిందో మాత్రం పోస్ట్‌మ్యాన్ చేత్తో రాసిన రాతే చెప్తుంది: డోర్ లాక్డ్, లెఫ్ట్ (వెళ్ళిపోయారు), రిఫ్యూజ్డ్ (తీసుకోనన్నారు), అన్‌క్లెయిమ్డ్ (ఎవరూ వచ్చి తీసుకోలేదు), ఇన్సఫిషియంట్ అడ్రస్ (అడ్రసు చాలదు), నో సచ్ పర్సన్, డిసీజ్డ్ (చనిపోయారు). దీన్ని కంటితో చదవాల్సిందే. కానీ టైపు చేయక్కర్లేదు.

ఒక ఎ4 కాగితం మీద ఈ ఏడు కారణాలకీ ఏడు బార్‌కోడ్‌లు పెద్దగా వేసుకోండి, కింద కారణం తెలుగులోనే రాసుకోండి. దీనికి కోడ్ 39 ఫాంట్ చాలు, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎక్సెల్‌లో ఇంగ్లిష్ పదానికి ముందూ వెనకా నక్షత్రం గుర్తు పెట్టి ఆ ఫాంట్‌లోకి మారిస్తే బార్‌కోడ్ తయారు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలే (క్యాపిటల్స్) వాడండి. కాగితం లామినేట్ చేయిస్తే మెరుపు లేని రకం చేయించండి, లేకపోతే పైన ట్యూబ్‌లైట్ మెరుపుకి స్కానర్ తడబడుతుంది. ఇక పని ఎలా అంటే: కవరు స్కాన్, కాగితం మీద కారణం స్కాన్, పక్కన పెట్టడం. కీబోర్డు ముట్టుకోం. వందకి మించి కవర్లు ఉంటే ముందు కారణాలవారీగా గుట్టలు చేసి, ఒక గుట్ట మొత్తం స్కాన్ చేసి, కారణం కాలమ్‌ని ఒక్కసారి కిందికి లాగేయడం ఇంకా తేలిక.

ఎనిమిదో బార్‌కోడ్ ఒకటి "చూడాలి" అని పెట్టుకోండి. పల్లె పోస్ట్‌మ్యాన్లు ముద్రకి సరిపోని సంగతులు రాస్తారు. ఒక కవరు మీద ఒడియాలో "సురట్ జాయిఛంతి" అని రాసి ఉంది, సూరత్ వెళ్ళారు అని. గంజాం వైపు నుంచి మరమగ్గాల పనికి సూరత్ వెళ్ళేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. ఆ కవరుని మామూలుగా డోర్ లాక్డ్ కింద వేసి అదే అడ్రసుకి మళ్ళీ పంపితే మళ్ళీ తిరిగొస్తుంది. ఫోన్ నంబరు ఉంటే ఒక్క కాల్‌తో పనైపోతుంది, లేకపోతే దసరాకో రథయాత్రకో ఊరొస్తారేమో పక్కింటివాళ్ళని అడగాలి. ఇంకో కవరు మీద డిసీజ్డ్ అని ముద్ర కొట్టి, పక్కన పెన్నుతో "భార్య ఉన్నారు, అదే ఇల్లు" అని ఉంది. ఆ ఇంటికి మళ్ళీ పోయినాయన పేరుతో బాకీ నోటీసు వెళ్ళకుండా ఆపగలిగితే, ఈ ఏర్పాటంతా దానికోసమే అనుకున్నా ఫర్వాలేదు.

రిఫ్యూజ్డ్ అని వచ్చినవి వేరే పెట్టండి, చింపొద్దు, తెరవొద్దు. సరైన అడ్రసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు అందినట్టే భావించడానికి 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 27వ సెక్షన్ ఉంది. మీ బాకీ కేసుల్లో ఆ మూసిన కవరే సాక్ష్యమవుతుంది. ఏ నోటీసుకి ఎంతవరకు పనికొస్తుందో మీ సంఘం లాయరుని అడగండి. మీరు చేయాల్సిందల్లా కవరు అడిగిన రోజు దొరికేలా చూడటం: స్కాన్ అయిన వరసలో పెన్నుతో వరస నంబరు వేసి, యాభై యాభై కట్టలు కట్టి, కట్ట మీద మొదటి, చివరి నంబర్లు రాయండి. స్కానర్ వచ్చింది కదా అని ఈ పని మానేసినవాళ్ళని చూశాను, తర్వాత ఒక్క కవరు కోసం మూడు గోనెలు కుమ్మరించారు.

స్కానర్ పెట్టిన మొదటి రోజు వచ్చే టెన్షన్లు కొన్ని ముందే చెప్తాను. మా ఆఫీసులో స్కానర్ తగిలించి మొదటి కవరు చదివిస్తే తెర మీద ఒడియా అక్షరాలు పడ్డాయి. కుర్రాడు హడలిపోయి "సార్, మిషన్ పాడైపోనాది" అన్నాడు. మిషన్ బాగానే ఉంది. పొద్దున్న ఎవరో ఒడియాలో అర్జీ టైపు చేసి కీబోర్డు అలాగే వదిలేశారు. స్కానర్ కీబోర్డులాగే నటిస్తుంది కాబట్టి, కంప్యూటర్ ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే రాలుస్తుంది. తెలుగులో ఉన్నా ఇంతే. స్కానింగ్‌కి ముందు ఇంగ్లిష్‌కి మార్చండి. క్యాప్స్ లాక్ కూడా తీసేసి ఉంచండి, లేకపోతే చాలా స్కానర్లలో పెద్ద అక్షరాలు చిన్నవై, చిన్నవి పెద్దవై వస్తాయి.

స్కానర్‌తో పాటు వచ్చే చిన్న పుస్తకం పారేయొద్దు. అందులో ఉన్న బార్‌కోడ్‌లే దాని సెట్టింగులు. నంబరు తర్వాత ఎంటర్ కొట్టాలా, ట్యాబ్ కొట్టాలా అన్నది అందులోంచి స్కాన్ చేసి మార్చుకోవాలి. మీకు కవరు, కారణం పక్కపక్క కాలమ్‌లలో పడాలి కాబట్టి మొదటిదాని తర్వాత ట్యాబ్ కావాలి. అలాగే ఒకే కవరు మీద పోస్టాఫీసు గీతలు, మన క్యూఆర్ రెండూ ఉంటాయి కదా, స్కానర్ ఏది ముందు కనిపిస్తే అది చదివేస్తుంది. మన నంబరు ముందున్న అక్షరం ఇక్కడ కూడా ఆదుకుంటుంది: అది లేని వరసలని ఎక్సెల్ ఎర్రగా చూపేలా పెట్టుకోండి.

తేదీ కాలమ్‌లో నౌ ఫంక్షన్ పెట్టొద్దు, ఫైలు తెరిచిన ప్రతిసారీ అన్ని వరసలకీ ఆ రోజు తేదీ వచ్చేస్తుంది. కంట్రోల్ నొక్కి సెమీకోలన్ కొడితే ఆనాటి తేదీ స్థిరంగా పడుతుంది.

స్టిక్కర్ నలిగిపోయి స్పీడ్ పోస్టు నంబరు చేత్తో కొట్టాల్సి వస్తే, తప్పు కొట్టారో లేదో తేల్చే కిటుకు ఒకటి ఉంది. ఆ 9 అంకెల్లో చివరిది లెక్క కోసం పెట్టిందే. మొదటి ఎనిమిదింటినీ వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడండి, 11తో భాగించండి, మిగిలినదాన్ని 11లోంచి తీసేయండి. వచ్చిందే తొమ్మిదో అంకె. ఫలితం 10 అయితే 0, 11 అయితే 5 అనుకోవాలి. ఉదాహరణకి 12345678 తీసుకుంటే మొత్తం 204, శేషం 6, అంటే చివరి అంకె 5. ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములాతో అయిపోతుంది. అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది.

మీరు రాసిన దాంట్లో ఒక అమెరికా కంపెనీ పద్ధతి చదివానన్నారు. అక్కడి పోస్టల్ సర్వీసు వాడే ఇంటెలిజెంట్ మెయిల్ బార్‌కోడ్ వేరు: 65 గీతలు, పొట్టీ పొడుగూ కలిసి ఉంటాయి, 31 అంకెల దాకా పడతాయి. అందులో పంపినవాడి గుర్తు ముందే ఉంటుంది కాబట్టి, అడ్రసు మారిందన్న కబురు కవరు వెనక్కి రాకుండానే కంప్యూటర్ ద్వారా అందేలా ఏర్పాటు చేసుకోగలరు. మనకది వర్తించదు. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మజూపేవాళ్ళు వస్తే టీ ఇచ్చి పంపించేయండి.

డేటా వచ్చాక ఏం చేస్తారన్నది కూడా చెప్పాలి. ముందుగా కారణం, పిన్‌కోడ్ రెండూ పక్కపక్కన పెట్టి లెక్క తీయండి. ఒకే పిన్‌లో ఇన్సఫిషియంట్ అడ్రస్ గుట్టగా కనిపిస్తే తప్పు అక్కడి మనుషులది కాదు, మీ ఫైలుది. మాకు గుణుపురం వైపు అలాగే వచ్చింది. ఒడిశా అడ్రసులో ఊరు, పోస్టు, వయా, జిల్లా వరసగా ఉంటాయి కదా, మా సాఫ్ట్‌వేర్‌లో మూడు లైన్లకే చోటుంది. నాలుగోది చెప్పాపెట్టకుండా కోసేసింది. ప్రింటులో వయా దాకా వచ్చి ఆగిపోయింది. రెండేళ్ళు పోస్ట్‌మ్యాన్‌ని తిట్టుకున్నాం.

పర్లాకిమిడిలో ఇంకో చిక్కు ఉంటుంది, చూడండి. మీ సభ్యుల్లో సరిహద్దుకి ఆంధ్ర వైపున్న పాతపట్నం వాళ్ళు కూడా ఉండే ఉంటారు. ఊళ్ళు రెండూ పక్కపక్కనే అయినా మీ పిన్ 761200, వాళ్ళది 532213. మొదటి అంకె 7 అంటే తూర్పు వైపు రాష్ట్రాలు, 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. ఖాతా తెరిచేటప్పుడు గుమాస్తా అలవాటుగా మీ ఊరి పిన్ వేసేసి ఉంటే ఆ కవరు సరిహద్దు అవతల ఊరు వెతుక్కుంటూ తిరుగుతుంది. ఊరి పేరు ఆంధ్రది, పిన్ 7తో మొదలైనది, అలాంటివన్నీ ఫిల్టర్ పెట్టి ఏరేయండి. జిల్లా పేర్లు కూడా అంతే. గజపతి జిల్లా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది, అయినా పాత ఖాతాల్లో ఇంకా గంజామే ఉంటుంది. ఆంధ్ర వైపు పాలకొండ 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యంలో ఉంది. జిల్లా తప్పైనా పిన్ సరిగ్గా ఉంటే ఉత్తరం చేరుతుంది, కాబట్టి ముందు పిన్ దిద్దండి, జిల్లాలు తీరిగ్గా చూసుకోవచ్చు.

దిద్దేటప్పుడు పాత అడ్రసు చెరిపేయొద్దు. పక్కన కొత్త కాలమ్ పెట్టి, ఏ తేదీన ఏ కారణంతో తిరిగొచ్చిందో అలాగే ఉంచండి. కోర్టులో గానీ ఆడిట్‌లో గానీ "మీరు ఏ అడ్రసుకి పంపారు" అని అడుగుతారు, ఇప్పుడు ఎక్కడున్నారని కాదు.

ఇక ఏది కొనాలి. క్యూఆర్ చదవాలంటే 2డి స్కానర్ కావాలి. ఎర్ర గీత ఒక్కటే పడే పాత లేజరు రకం క్యూఆర్ చదవదు, కిటికీ కవరు ప్లాస్టిక్ మెరుపుకి కూడా ఇబ్బంది పడుతుంది. వైరు ఉన్నదే తీసుకోండి. మీ పని ఒకే బల్ల దగ్గర కదా, వైర్‌లెస్‌కి ఎక్కువ డబ్బు పోసి దాని చార్జింగ్ గుర్తుపెట్టుకోవడం దేనికి. స్టాండు మీద నిలబెట్టి, కవరు ముందు పెట్టగానే తనే చదివే సౌకర్యం ఉంటే మంచిది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఫోన్ యాప్‌తో కూడా చదవొచ్చు గానీ ఐదు వందల కవర్లకి చెయ్యి పడిపోతుంది.

బరంపురంలో కొన్నా, శ్రీకాకుళంలో కొన్నా ఒక పని చేయండి. తిరిగొచ్చిన వాటిలో బాగా నలిగినవి, ముద్ర పడినవి, తడిసి ఆరినవి పది ఏరి సంచిలో వేసుకుని షాపుకి పట్టుకెళ్ళండి. షాపువాడు ఇచ్చే బిస్కెట్ పాకెట్ మీద ఏ స్కానరైనా టకామని చదువుతుంది. మీ పదింటిలో ఎనిమిదైనా మొదటిసారికే చదవకపోతే ఇంకోటి చూపించమనండి.